పికప్ బండికి జ్వరం రాకుండా

తెల్లవారకముందే మీ ఊరి రోడ్డు మీద వెళ్లే పికప్ బండ్లను మీరు చూసే ఉంటారు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే చోటు, వెనుక సరుకు వేసుకునే తొట్టి. టమాటా పెట్టెలు, పాల క్యాన్లు, ఎరువు బస్తాలు, పెళ్లి పందిరి గుంజలు, ఒక్కొక్కసారి గేదెలు - దేన్నయినా అది మోస్తుంది. కొన్ని ఊళ్లలో దీన్నే ట్రాలీ అంటారు. మీలో కొందరి ఇళ్ల ముందు కూడా అలాంటి బండి ఉండవచ్చు. ఆ ఇంటికి ఆ బండే పాడిగేదె. ఒక రోజు షెడ్డులో పడితే ఆ నాటి కిరాయి పోతుంది. దారిలో ఆగిపోతే సరుకు కుళ్లిపోతుంది. ఘాటు రోడ్డు మీద చెడితే మనుషుల ప్రాణాలకే ముప్పు.

బండిని బాగుచేయడం అంటే పానా పట్టుకుని నట్లు విప్పడమేనని చాలామంది అనుకుంటారు. కాని బండి చెడకుండా ఇంటి దగ్గర చూసుకోవలసిన పనులను ఒక్కొక్కటిగా పరిశీలించండి. ఆయిలు చూడడం, రేడియేటరులో నీరు చూడడం, టైర్లలో గాలి చూడడం, బ్రేకులు చూడడం. ఈ నాలుగు పనులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేనట్లే కనిపిస్తుంది. నిజానికి నాలుగింటి వెనుకా ఉన్న శత్రువు ఒక్కటే. అది వేడి. బండిలో పుట్టే వేడికి సరైన దారి చూపించడమే బండి సంరక్షణలో సగం పని. అదెలాగో చూద్దాం.

మొదటి పికప్

కారు వెనుక భాగాన్ని కోసేసి చెక్క పెట్టెను బిగించుకోవడం అమెరికా రైతులు ఎప్పటినుంచో చేస్తున్న పనే. అది గమనించిన ఫోర్డ్ కంపెనీ 1925లో తన మోడల్-టి కారుకు వెనుక ఉక్కు తొట్టిని ఫ్యాక్టరీలోనే అమర్చి అమ్మింది. ధర 281 డాలర్లు. పల్లెల్లో మెకానిక్కులు అరుదుగా ఉండే ఆ కాలంలో చిన్న చిన్న మరమ్మతులను యజమానులు తమ కొట్టంలోనే చేసుకునేవారు.

ఆ బండి ఇంజనులో నీటిని తిప్పే పంపు లేదు! ఇంజను చుట్టూ వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది. రేడియేటరులో చల్లబడిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంది. మీరు పాఠంలో చదువుకున్న ఉష్ణసంవహనమే అక్కడ పంపు పని చేసేది. నేటి ఇంజన్లలో పుట్టే వేడి అంతకంటే చాలా ఎక్కువ. అందుకే ఇప్పుడు పంపు, ఫ్యాను, ఒత్తిడిని ఆపే మూత అన్నీ కావాలి.

వేడిని కొలిచే నీటి లెక్క

ఎంత వేడి పుడుతుందో ఊహించుకోవడానికి మనకొక కొలత కావాలి. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడి చేయాలంటే ఎంత శక్తి కావాలి? ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4,200 జౌళ్లు కావాలి. 70 డిగ్రీలకు 2,94,000 జౌళ్లు. సుమారుగా 2.9 లక్షలు అనుకుందాం. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి.

ఒక లీటరు డీజిలు మండితే దాదాపు 360 లక్షల జౌళ్ల శక్తి వెలువడుతుంది. అంటే 120 లీటర్లకు పైగా నీటిని మరిగే స్థితికి తేగల వేడి అన్నమాట. ఇందులో బండిని నడిపేది ఉజ్జాయింపుగా మూడో వంతు మాత్రమే. మరికొంత పొగగొట్టం గుండా బయటికి పోతుంది. దాదాపు నాలుగో వంతు ఇంజను లోహానికి, అక్కడి నుంచి దాని చుట్టూ తిరిగే నీటికి చేరుతుంది. బండి ఒక లీటరు డీజిలు తాగిన ప్రతిసారీ 30 లీటర్ల నీటిని మరిగించగల వేడిని రేడియేటరు గాలిలోకి వదిలిపెట్టాలి. వదిలిపెట్టకపోతే? సిలిండరులో మండే వాయువుల వేడి సుమారు 2,000 డిగ్రీల దాకా వెళుతుంది. పిస్టన్లను సాధారణంగా అల్యూమినియం మిశ్రమంతో చేస్తారు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. చల్లబరిచే ఏర్పాటు లేకపోతే కొద్ది నిమిషాల్లోనే పిస్టన్ వ్యాకోచించి సిలిండరులో బిగుసుకుపోతుంది. దాన్నే మెకానిక్కులు "ఇంజను సీజ్ అయింది" అంటారు.

రేడియేటరు, ప్రెషర్ కుక్కరు

మీ ఇంట్లో ప్రెషర్ కుక్కరు ఉందా? ఒత్తిడి పెరిగితే నీరు 100 డిగ్రీల దగ్గర మరగదు, మరుగుస్థానం పైకి జరుగుతుంది. రేడియేటరు మూత చేసేదీ అదే. మూత లోపల ఒక స్ప్రింగు ఉంటుంది. అది చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో అదనపు ఒత్తిడిని లోపల నిలిపి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీరు కూడా 120 డిగ్రీల దాకా మరగదు.

ఇప్పుడు ఆలోచించండి. ఇంజను వేడెక్కి లోపలి నీరు 110 డిగ్రీల దగ్గర ఉంది. బయట నిలబడ్డ మనిషి కంగారుగా మూత తిప్పేశాడు. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయింది. 110 డిగ్రీల నీరు మామూలు ఒత్తిడిలో నీరుగా ఉండలేదు. ఆ అదనపు 10 డిగ్రీల వేడి బాష్పీభవన గుప్తోష్ణంగా ఖర్చై, ప్రతి లీటరు నీటి నుంచి 18 గ్రాముల దాకా క్షణంలో ఆవిరవుతుంది. 18 గ్రాములేనా అని అనుకోకండి! ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే లీటరు నీటికి 30 లీటర్ల ఆవిరి! అది మరిగే నీటిని కూడా వెంట తీసుకుని మూత తీసిన మనిషి ముఖం మీదికి చిమ్ముతుంది. ఈ విధంగా కాలినవారు ఎందరో ఉన్నారు.

కనుక సూత్రం ఇది: ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూతను ఎవరూ, ఎప్పుడూ, గుడ్డ అడ్డం పెట్టుకుని కూడా తీయకూడదు. బండిని నీడకు ఆపి, ఇంజను కట్టేసి, పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. అరగంటకు పైనే పట్టవచ్చు. వేడి ఇంజనులో చన్నీళ్లు పోస్తే లోహం ఒక్కసారిగా సంకోచించి పగుళ్లు రావచ్చు. తొందర ఇక్కడా పనికిరాదు.

ఉదయం పూట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడవలసింది పక్కనే ఉండే తెల్లని ప్లాస్టిక్ డబ్బాను. దాని మీద రెండు గీతలు ఉంటాయి. ద్రవం ఆ రెండింటి మధ్య ఉండాలి. అందులో ఉండేది వట్టి నీరు కాదు. ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవమూ, తుప్పును ఆపే రసాయనాలూ కలిసిన కూలెంటు. మన దగ్గర నీరు గడ్డకట్టే చలి లేదు కదా, ఇది ఎందుకు అని కొందరు బోరు నీళ్లు పోస్తుంటారు. బోరు నీటిలోని లవణాలు టీ కాచే గిన్నె అడుగున పేరుకున్నట్లే రేడియేటరు గొట్టాలలోనూ తెల్లటి పెచ్చుగా పేరుకుంటాయి. ఆ పెచ్చు వేడిని బయటికి పోనివ్వదు. ఒక హెచ్చరిక: గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని అది విషం. నేల మీద ఒలికితే కుక్కలు నాకుతాయి. వెంటనే కడిగివేయాలి. డబ్బాను చిన్నపిల్లలకు అందకుండా పెట్టాలి.

రేడియేటరు ముందు భాగాన్ని కూడా చూడండి. సన్నని రేకుల మధ్య వరిపొట్టు, గడ్డి, పురుగులు, బురద చిక్కుకుని ఉంటాయి. గాలి ఆడకపోతే వేడి పోదు. ఇంజను చల్లగా ఉండగా నెమ్మదైన నీటి ధారతో వెనుక నుంచి ముందుకు కడిగితే చాలు. ధార జోరుగా ఉంటే రేకులు వంగిపోతాయి. ఇది ఇంటి దగ్గర మీరు కూడా చేయగల మంచి పని.

వెంట్రుకకన్నా పలుచని కందెన

చలికి మీరు అరచేతులు రుద్దుకున్నప్పుడు వెచ్చబడతాయి. ఘర్షణ వల్ల యాంత్రికశక్తి వేడిగా మారింది. ఇంజనులోని క్రాంక్ షాఫ్టు రోడ్డు మీద నిమిషానికి 2,000 చుట్లకు పైగా తిరుగుతుంది. అక్కడ లోహం లోహాన్ని రాసుకుంటే ఏమవుతుంది? రాసుకోకుండా కాపాడేది వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు పలుచగా ఉండే ఆయిలు పొర. తిరిగే షాఫ్టు ఆ పొర మీద తేలుతూ ఉంటుంది. ఆయిలు చేసే రెండో పని, నీరు చేరలేని చోట్ల నుంచి వేడిని మోసుకురావడం.

ఆయిలు చూడడం చాలా సులభం. బండిని చదునైన చోట నిలపాలి. ఇంజను కట్టేసి కొన్ని నిమిషాలు ఆగితే ఆయిలు కిందికి దిగుతుంది. డిప్‌స్టిక్ అనే సన్నని బద్దను లాగి, పాత గుడ్డతో తుడిచి, మళ్లీ చివరికంటా దించి లాగాలి. ఆయిలు తడి రెండు గుర్తుల మధ్య ఉంటే సరే. కింది గుర్తుకు తగ్గితే అదే రకం ఆయిలు కొద్దికొద్దిగా పోయాలి. పై గుర్తును దాటించకూడదు.

డీజిలు బండిలో కొత్తగా పోసిన ఆయిలు కూడా త్వరలోనే నల్లబడుతుంది. దాన్ని చూసి భయపడనక్కర లేదు. మసిని తనలో కలుపుకుని ఇంజనును శుభ్రంగా ఉంచడం దాని విధి. అయితే ఆయిలు పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే మాత్రం అందులో నీరు కలిసిందని అర్థం. అప్పుడు బండిని నడపకుండా మెకానిక్కును పిలవాలి.

డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉండడం చూశారా? ఇది స్నిగ్ధత, అంటే ఆయిలు చిక్కదనానికి సంబంధించిన గుర్తు. మొదటి అంకె చలిలో ఎంత తేలికగా పారుతుందో, రెండోది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. ఏ ఆయిలు వాడాలో, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. తీసేసిన పాత ఆయిలును కాలువలోనో, చెట్టు మొదట్లోనో పారబోయకండి. అది నీటి మీద పొరలా పరుచుకుంటుంది, నేలనూ పాడుచేస్తుంది. క్యానులో పట్టి, పాత ఆయిలు తీసుకునేవారికి ఇవ్వాలి.

బండిని మోసేది గాలే

సరుకుతో కలిపి 2,500 కిలోలున్న బండిని తీసుకుందాం. బరువు ఎక్కువగా వెనుక పడుతుంది కాబట్టి వెనుక చక్రం ఒక్కొక్కదాని మీద 800 కిలోలు ఉందనుకోండి. టైరులో గాలి చదరపు అంగుళానికి 45 పౌండ్లు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 3.2 కిలోలు. 800ను 3.2తో భాగిస్తే 250 చదరపు సెంటీమీటర్లు. మీ నోటుపుస్తకంలో ఒక పేజీకన్నా చిన్న ముక్క రోడ్డును తాకుతూ 800 కిలోలను మోస్తున్నదన్నమాట!

గాలి తక్కువైతే టైరు చప్పిడిబడి ఆ ముక్క పెద్దదవుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్కలు వంగుతూ లేస్తూ ఉంటాయి. ఒక ఇనుప తీగను పదిసార్లు అటూ ఇటూ వంచి వేలితో తాకి చూడండి, వెచ్చగా ఉంటుంది. రబ్బరులోనూ అదే జరుగుతుంది. మే నెల ఎండలో, తారు రోడ్డు మీద, అధిక బరువుతో, తక్కువ గాలితో నడిచే టైరు పేలిపోవడానికి కారణం ఈ లోపలి వేడే.

గాలిని ఉదయం, బండి కదలకముందు కొలవాలి. ఎందుకంటే 30 డిగ్రీల దగ్గర 45 పౌండ్లు ఉన్న టైరు నడిచి నడిచి 60 డిగ్రీలకు చేరితే ఒత్తిడి 50 దాటుతుంది. అది చూసి గాలి తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది. ఎంత గాలి ఉండాలన్నది సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం మీద ఉంటుంది. బరువుతో వెళ్లేటప్పుడు వెనుక టైర్లకు ఎక్కువ కావాలని కూడా అందులో చూడవచ్చు.

పంక్చరైతే స్టెప్నీ మార్చడం పెద్దవాళ్ల పక్కన ఉండి నేర్చుకోండి. చదునైన గట్టి నేల, హ్యాండ్ బ్రేకు, ఎదురు చక్రానికి ముందూ వెనుకా రాళ్లు - ఇవి ముందు. నట్లను చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేయాలి. ఆ తరువాతే జాకీ. పానా పొడవు పెరిగిన కొద్దీ తక్కువ బలం చాలుతుంది, అది మీకు తెలిసిన తులాదండ సూత్రమే. బిగించేటప్పుడు ఒక నట్టు తరువాత దానికి ఎదురుగా ఉన్న నట్టును బిగించాలి. అప్పుడే చక్రం సమంగా కూర్చుంటుంది. ఒక్క మాట మరచిపోవద్దు. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి దూరడం, చేయి పెట్టడం ప్రాణంతో చెలగాటం. జాకీ బండిని ఎత్తడానికే గాని, పట్టి ఉంచడానికి కాదు.

ఘాటు దిగేటప్పుడు

బ్రేకు అంటే ఏమిటి? కదిలే బండిలోని గతిజశక్తిని వేడిగా మార్చే సాధనం. 2,500 కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలో సుమారు 3.5 లక్షల జౌళ్ల గతిజశక్తి ఉంటుంది. ఒక్కసారి బ్రేకు వేసి ఆపితే లీటరుకు పైగా నీటిని మరిగే స్థితికి తేగల వేడి చక్రాల దగ్గర పుడుతుంది. రోడ్డు చదునుగా ఉంటే మళ్లీ బ్రేకు వేసేలోగా అది చల్లారుతుంది.

కాని అరకులోయ నుంచి మైదానానికి దిగే బండి సంగతి వేరు. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. బండి 800 మీటర్లు దిగిందనుకుంటే, పోగొట్టుకోవలసిన స్థితిజశక్తి 2,500 × 9.8 × 800. అంటే 196 లక్షల జౌళ్లు! మన నీటి లెక్కలో 65 లీటర్లకు పైనే. అదంతా బ్రేకుల మీదే పడితే అవి ఎర్రగా కాలిపోతాయి.

అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. మీ కాలి ఒత్తిడిని చక్రాలకు చేర్చేది బ్రేక్ ఆయిలు. ద్రవం నొక్కుకుపోదు కనుక పాస్కల్ నియమం ప్రకారం ఒత్తిడి అన్ని చక్రాలకూ సమానంగా అందుతుంది. అయితే సాధారణంగా వాడే బ్రేక్ ఆయిలుకు గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది. డాట్-3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరిన తరువాత అది 140 డిగ్రీల దగ్గరే మరగవచ్చు. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది. పెడలు నేలదాకా దిగుతుంది, బండి మాత్రం ఆగదు. పుస్తకంలో చెప్పిన గడువుకు బ్రేక్ ఆయిలు మార్పించాలనడానికి కారణం ఇదే. చాలా బండ్లకు ఆ గడువు రెండేళ్లు.

మరి ఆ వేడిని ఎక్కడికి పంపాలి? ఇంజనుకు. ఏ గేరులో ఘాటు ఎక్కుతామో దాదాపు అదే గేరులో దిగాలని అనుభవమున్న డ్రైవర్లు చెబుతారు. చిన్న గేరులో ఉంటే చక్రాలే ఇంజనును తిప్పవలసివస్తుంది, ఆ శ్రమలో చాలా శక్తి ఖర్చవుతుంది. కొందరు డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపుతారు. ఇది రెండు విధాలా తప్పు. నేటి ఇంజన్లలో గేరులో ఉండి, యాక్సిలరేటరు వదిలేస్తే డీజిలు సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజను ఆగకుండా ఉండడానికి డీజిలు ఖర్చవుతుంది! విద్యుత్ పికప్‌లు ఇంకొక అడుగు ముందుకు వేశాయి. దిగేటప్పుడు మోటారు జనరేటరులా పనిచేసి ఆ శక్తిలో కొంత భాగాన్ని తిరిగి బ్యాటరీలో నింపుతుంది.

బ్రేకుల విషయంలో ఇంటి దగ్గర చేయవలసింది చూడడం, వినడం, చెప్పడం. ఆయిలు డబ్బాలో మట్టం తగ్గిందా? పెడలు మెత్తగా దిగుతోందా? కీచుమని చప్పుడు వస్తోందా? చక్రం లోపలి వైపు తడి మరక ఉందా? వీటిలో ఏది కనిపించినా బండిని కిరాయికి పంపకుండా మెకానిక్కు దగ్గరికి చేర్చాలి. బ్రేకులను విప్పడం ఇంటి పని కాదు. దారిలో మాడు వాసన వస్తే బండిని సురక్షితమైన చోట ఆపి వాటంతటవే చల్లారనివ్వాలి. నీళ్లు కొట్టకూడదు.

పది నిమిషాల పని

ఇంటి దగ్గర బండి ఉన్నవారు రేపు ఉదయం పెద్దవాళ్లతో కలిసి ఈ వరుసలో చూడండి. కూలెంటు మట్టం, ఆయిలు మట్టం, బ్రేక్ ఆయిలు మట్టం, స్టెప్నీతో సహా ఐదు టైర్ల గాలి, చివరగా బండి నిలిచిన చోట నేల మీద ఏమైనా చుక్కలు పడ్డాయా అని. చూసినదాన్ని తేదీ వేసి ఒక పుస్తకంలో రాయండి. నెల తిరిగేసరికి ఏది ఎంత త్వరగా తగ్గుతున్నదో మీకే తెలుస్తుంది. నడిచేటప్పుడు వేడి ముల్లు ఎప్పుడూ ఉండే చోటు దాటి పైకి పోతే, "ఇంకో నాలుగు కిలోమీటర్లే కదా" అని డ్రైవరు అన్నా, "ఆపండి" అని చెప్పగల ధైర్యం మీకుండాలి. ఆ నాలుగు కిలోమీటర్లే ఇంజనును కాల్చేసేది.

ఇంట్లో బండి లేనివారికి ఒక లెక్క. మీ జిల్లాలోగాని, పక్క జిల్లాలోగాని ఉన్న ఒక ఘాటు రోడ్డు ఎత్తు తెలుసుకోండి. 2,500 కిలోల బండి అక్కడి నుంచి దిగితే ఎన్ని లీటర్ల నీటిని మరిగించగల వేడి పుడుతుందో కట్టండి. వచ్చిన సమాధానాన్ని మీ ఊరి పికప్ డ్రైవరుకు చెప్పి, ఆయన ఘాటు ఏ గేరులో దిగుతారో అడగండి.